యంత్రము లేని విద్యార్థి

కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని జైనూరు వంటి మండలమున ఒక విద్యార్థి ప్రోగ్రామింగు నేర్వదలచినచో, వానికి మొదట అడ్డుపడునది తెలివి కాదు, యంత్రము. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వేక్షణము ప్రకారము భారతదేశపు పల్లెలలో నూటికి 4.4 కుటుంబములకు మాత్రమే కంప్యూటరు కలదు, పట్టణములందు 23.4 కుటుంబములకు కలదు. దేశపు సగటే యిట్లున్నప్పుడు గోండు, కొలాము కుటుంబములు నివసించు అడవిపల్లెల స్థితిని పాఠకులు ఊహింపగలరు. ఐనను, సొంతయంత్రము లేనివానికి ఈ విద్య అందదను మాటను మనము అంగీకరింపరాదు. అది చరిత్రకే విరుద్ధము.

ఈ విద్య యంత్రముకంటె ముందు పుట్టినది. 1843లో ఏడా లవ్లేసు అను ఆంగ్లవనిత, బాబేజి ఊహించిన యంత్రమునకు గణనక్రమమును వ్రాసి ప్రకటించినది. ఆ యంత్రము ఆమె జీవితకాలమున నిర్మింపబడనేలేదు. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.యం. 1620 యంత్రము వచ్చినప్పుడు విద్యార్థులు తమ ఆజ్ఞలను రంధ్రముల కార్డులపై నెక్కించి, వంతుకై వేచియుండి నేర్చుకొనిరి. 1968లో అమెరికాలోని సియాటిల్ నగరమున ఒక పాఠశాలకు తల్లుల సంఘమువారు పాతవస్తువుల నమ్మగా వచ్చిన సొమ్ముతో టెలిటైపును, దూరమందున్న కంప్యూటరుపై కొంత కాలమును సమకూర్చిరి. అచట నేర్చిన బాలురలో బిల్ గేట్సు ఒకడు. కాన్పూరు విద్యార్థులకుగాని, సియాటిల్ బాలురకుగాని సొంతయంత్రము లేదు. యంత్రముకడ కూర్చుండు కాలము మాత్రము లభించినది. అదియే వారిని నిలిపినది.

పలకతో నేర్వదగినది కొంత కలదు. పదిదినముల పత్తిధరలలో మిక్కిలి హెచ్చుధర యేదో కనుగొనవలెననుకొందము. మొదటిధరను హెచ్చుధరగా గుర్తుంచుకొనుము, తరువాతిదానితో పోల్చుము, అది పెద్దదైనచో పాతదానిని తుడిచి దానిని వ్రాసికొనుము, ధరలు ముగియువరకు ఇట్లే చేయుము. ఇదియే ప్రోగ్రామింగు. జైనూరు సంతకు పోవు రైతుబిడ్డ దీనిని మాతృభాషలో గ్రహింపగలడు. కాని పలక తప్పును చూపదు. యంత్రము ఒక చుక్క తప్పినను ముందుకు సాగదు. ఆ తప్పును వెదకి, దిద్ది, మరల నడిపించుటలోనే విద్య యున్నది. దానికి వారమున కొక గడియ చాలదు; దినదినాభ్యాసము కావలెను.

చేతిఫోనున్నది కదా యని కొందరందురు. ఫోనుపై ప్రోగ్రాములు వ్రాయవచ్చుననుట నిజమే. కాని ఇంటి కొక్కటే ఫోను ఉన్నచోట అది తండ్రితో చేనికి పోవును. చిన్నతెరపై పెద్దపని సాగదు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శను ద్వారా పాఠములు ప్రారంభమైనప్పుడు సాధనము లేని బిడ్డ పాఠమునకే దూరమగుట మనమెరుగుదుము. 2024 సెప్టెంబరులో జైనూరున అల్లరులు చెలరేగినప్పుడు అచట అంతర్జాలసేవలే నిలిపివేయబడినవి. ఆధారమంతయు ఆ తీగపైననే యున్నచో, అది తెగిననాడు చదువును తెగును.

యంత్రము నొక గదిలో నుంచి తాళము వేసినంతమాత్రమున కార్యము కాదు. ఈ పాఠము జైనూరు మండలమునకు క్రొత్తది కాదు. ఈ మండలమందలి మార్లవాయిలో నివసించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫు ప్రోద్బలమున 1943లో అచట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. గోండీభాషలో వాచకములు సిద్ధమైనవి. ముందు ఆ జనములోనుండియే గురువును తయారుచేసి, వారి భాషలో పాఠమును పెట్టి, పిమ్మట బడిని నడపిరి. నేడు కంప్యూటరు విషయమున మనము ఈ క్రమమును తలక్రిందు చేయుచున్నాము: మొదట పెట్టె, కడపట గురువు.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనే, బాసరయందు 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము గ్రామీణ విద్యార్థులకై స్థాపింపబడినది. ప్రారంభదశలో విద్యార్థులకు లాప్‌టాపులు సైత మొసగబడినవి. ఇది శ్లాఘనీయము. కాని పదవతరగతి దాటి ఎంపికైనవారికే ఆ ద్వారము తెరచుకొనును. అంతకుముందే కీబోర్డు తాకి యెరుగని బిడ్డ, ఇంట యంత్రముతో నాడుకొని వచ్చినవానితో సమానముగా పరుగిడవలసివచ్చును. ఇది న్యాయమగు పందెము కాదు.

మార్గమేమి? మన పెద్దలే చూపినారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము నెలకొల్పినవారు, ప్రతియింటను పుస్తకములుండువరకు వేచియుండలేదు. పుస్తకము కొనలేనివానికి గ్రంథాలయము నిచ్చిరి. యంత్రము కొనలేనివానికి యంత్రశాల నిచ్చుట మన వంతు. పాఠశాల కంప్యూటరుగది బడి ముగిసిన పిదప రెండు గంటలు తెరచియుండవలెను. పట్టణములందలి కార్యాలయములు మార్చివేయు పాతయంత్రములు లినక్సు వంటి ఉచితసాఫ్టువేరుతో ఇంకను కొన్నియేండ్లు పనిచేయగలవు. పాఠములను యంత్రమునందే భద్రపరచినచో తీగ తెగినను చదువు ఆగదు. ఆ పల్లెలలో చదువుకొన్న యువకునికో యువతికో వేతనమిచ్చి గురువుగా నియమింపవలెను; వారు గోండీలోను తెలుగులోను చెప్పగలరు.

గుడికి ధ్వజస్తంభము నెత్తించు భూస్వాములును, వర్ధంతులకు అన్నదానము చేయు పట్టణవాసులును మనలో కొరవడలేదు. ఒక గదికి విద్యుత్తును, ఒక గురువునకు జీతమును ఏర్పరచుట వారికి భారము కాదు. ప్రభుత్వము తన విధిని నిర్వర్తింపవలసినదే. దానిని అడుగుట మన హక్కు. కాని సియాటిల్ తల్లులు ప్రభుత్వాజ్ఞకై వేచియుండలేదను సంగతిని మరువకుందుము గాక.