రజతమును నిందించువారికి

తుదిపోరున నోడినవారిని గుండెదిటవు లేనివారనుట మనలో నొక వాడుకయై పోయినది. పఠనమందిరమున పత్రికను మడిచి బల్లపై బెట్టుచు, "చేతిలో నేర్పున్నది గాని గుండెలో నిబ్బరము లేదు" అని తీర్పు చెప్పు పెద్దలకు మన పట్టణములలో కొదువ లేదు. పూసర్ల వేంకట సింధు 2016 మొదలు 2019 వఱకు ఈ తీర్పును వినుచునే ఆడినది. ఆ తీర్పరులు తమ లెక్కల నొకమారు సరిచూచుకొనవలసి యున్నది.

2016లో రియో ఒలింపిక్ తుదియాటలో ఆమె కరోలినా మారిన్ చేతిలో నోడినది. 2017లో గ్లాస్గో ప్రపంచ పోటీలలో నొజోమి ఒకుహార చేతిలోను, 2018లో నాన్జింగున మరల మారిన్ చేతిలోను ఓటమి. వీనిని వ్రేళ్లపై లెక్కించి "ఇదిగో దౌర్బల్యము" అనిరి. సరే, గ్లాస్గో యాటనే విచారింతము. అది 110 నిమిషముల పోరు. 19-21, 22-20, 20-22. రెండవ గేము తుది పాయింటు 73 దెబ్బల పిమ్మట గాని తేలలేదు. ఆ పాయింటు సింధుదే. మొత్తముమీద ఒకుహారకు 63 పాయింట్లు, సింధుకు 61. రెండు పాయింట్ల తేడాతో ధైర్యమును తూచు త్రాసు ఏ యంగడిలో దొరకును?

ఒత్తిడి యనునది లేదని మేమనము. ఊపిరి కుఱుచయగును, మణికట్టు బిగియును, చిరపరిచితమైన దెబ్బయే తప్పిపోవును. అయినను నిబ్బరము పుట్టుకతో వచ్చు సొత్తు గాదు, సాధనచే వచ్చునది. రియోకు పూర్వము గురువగు గోపీచందు, మితభాషిణియగు సింధును కోర్టు నడుమ నిలిపి, అందఱియెదుట గొంతెత్తి కేకవేయుమని పట్టుపట్టెను. అదియు సాధనయే.

2019 ఆగస్టు 25న బాసెల్ నగరమున, అదే ఒకుహారపై, 21-7, 21-7. నలువది నిమిషములైనను పట్టలేదు. ప్రపంచ బాడ్మింటను సింగిల్సు పీఠము భారతదేశమునకు దక్కుట అదియే తొలిసారి. రెండేండ్లలో ఆమెకు క్రొత్తగుండె మొలచినదా? 2021లో టోక్యోలో సెమీఫైనలున నోడి, మఱునాడే హే బింగ్‌జియావోను వరుస గేములలో గెలిచి కాంస్యము తెచ్చినది. ఓడిన మఱునాడు కోర్టున నిలుచుటకంటె వేఱు నిబ్బరమున్నచో చెప్పుడు.

చదువు చెడునని బిడ్డకు ఆటస్థలపు ముఖమైన చూపక, ఏటి కొకమారు బడి వార్షికోత్సవమున దప్ప పందెమున నిలుపక, ఓడివచ్చినవానిని పదుగురిలో నవ్వులపాలు చేయు మనకు, క్రీడాకారులు ప్రపంచవేదికపై వణకరాదని కోరు హక్కెక్కడిది? ఊరూర ఆటస్థలము నడుగుడు. బిడ్డలను తఱచు పోటీలకు బంపుడు. ఓడివచ్చిననాడు పెట్టెడన్నము పెట్టి, మఱునాడు మరల పంపుడు. ఆడువారి నిబ్బరము పలుమార్లు పరీక్షకు నిలిచినది. ఇక నిలువవలసినది చూచువారి నిబ్బరము.