కిడ్నీ పథ్యం చీటీ మీద కాదు, పొయ్యి మీద నేర్పాలి



కిడ్నీ జబ్బని తేలినవాళ్ల చేతికి ఒక చీటీ ఇస్తారు. ఉప్పు తగ్గించాలి, పొటాషియం తగ్గించాలి, ఫాస్ఫరస్ తగ్గించాలి అని ఉంటుంది. ఆ చీటీ పట్టుకొని ఇంటికొచ్చిన ఇల్లాలు రాత్రికి ఏం వండాలి? పప్పుచారు వద్దేమో, తొక్కు వద్దు, టమాట వద్దు అనుకుంటూ పోతే చివరికి చప్పిడి అన్నం, చప్పిడి సొరకాయ మిగులుతాయి. రోగి వారం తింటాడు, తర్వాత పళ్లెం నెట్టేస్తాడు. కొందరు పథ్యం వదిలేస్తారు. కొందరు తిండే మానేసి నీరసిస్తారు. రెండూ ప్రమాదమే.

గోదావరిఖని, రామగుండం, యైటింక్లయిన్ కాలనీల్లో ఇలాంటి జబ్బుతో బతుకు వెళ్లదీస్తున్న కుటుంబాల పక్షాన మేము అడిగేది ఒక్కటే. సింగరేణి బొగ్గు గనుల సంస్థ ఏరియా ఆసుపత్రుల్లో, గని క్యాంటీన్లలో కిడ్నీ పథ్యాన్ని రుచిగా వండి చూపించి నేర్పాలి.

కిడ్నీ పూర్తిగా దెబ్బతిన్నాక డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ పథకం ఉంది. డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రకటించింది. అవి కావాల్సిందే. కానీ అంతదాకా పోకుండా జబ్బును నెమ్మదింపజేసే పని మందులతో పాటు వంటింట్లోనూ జరుగుతుంది. ఆ వంటింటిని ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఉప్పు సంగతే చూడండి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే ఒక చిన్న చెంచాడు. మన దేశంలో సగటున 8 గ్రాములు తింటున్నామని జాతీయ సర్వే తేల్చింది. అది కూరలో వేసే ఉప్పే కాదు. మామిడికాయ తొక్కు, అప్పడం, సల్ల మిరపకాయ, ఎండు చేప, మిక్చర్, సోడా వేసిన మిర్చి బజ్జీ, వీటన్నిటిలోంచీ వస్తుంది. పొద్దున్నే రోగి వాటా ఉప్పును డాక్టరు చెప్పిన కొలతకు చిన్న డబ్బీలో తీసి పెట్టండి. రోజంతా అదే వాడండి. ఎంత పోతున్నదో కంటికి కనబడుతుంది.

ఉప్పు తగ్గితే నాలుక అడిగేది పులుపు, కారం, వాసన. అవన్నీ మన వంటలో ముందునుంచీ ఉన్నవే. ఎల్లిపాయ, ఎండుమిర్చి, జీలకర్ర వేయించి దంచి, చివర్లో నిమ్మరసం పిండితే ఉప్పు లేని ఎల్లిపాయ కారం అన్నంలోకి సరిపోతుంది. బీరకాయ, దొండకాయ, క్యాబేజీ కూరలకు ఆవాలు, కరివేపాకు, అల్లం బాగా పట్టించి, చివర్లో కొత్తిమీర చల్లండి. ఆలుగడ్డ మీద ఆశ ఉంటే చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు పోపు పెట్టండి. పొటాషియం కొంత నీళ్లతో పోతుంది. ఏడాది నిలవుండే తొక్కుకు బదులు ఆ పూటకు కాస్త పచ్చిమామిడి తురిమి, వేయించిన మెంతుల పొడి, ఎల్లిపాయ, నూనె కలుపుకోండి. సర్వపిండి కూడా మానక్కర్లేదు. పల్లీలు, నువ్వులు తగ్గించి ఉల్లిగడ్డ, కరివేపాకు పెంచితే సరి. ఇంటిల్లిపాదీ అదే తింటే మంచిది. రోగికి వేరే గిన్నె పెడితే అతను ఒంటరివాడవుతాడు, వండేవాళ్లకు పని రెట్టింపవుతుంది.

ఒక హెచ్చరిక. అంగట్లో దొరికే 'లో సోడియం' ఉప్పుల్లో చాలావాటికి పొటాషియం కలుపుతారు. కిడ్నీ రోగులు డాక్టరును అడగకుండా వాడొద్దు. కొబ్బరినీళ్లూ అంతే. ప్రొటీన్ అందరికీ ఒకేలా తగ్గించరు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు గుడ్డు తెల్లసొన, చేప వంటివి ఎక్కువే కావాలి. రక్త పరీక్ష చూసి డాక్టరు చెప్పిందే కొలత. నడుము నొప్పికని షిఫ్టు షిఫ్టుకూ నొప్పి మాత్ర మింగే అలవాటు కూడా కిడ్నీని తినేస్తుంది. ఎండాకాలం ఓపెన్‌కాస్టులో పనిచేసే కార్మికులు సొంత నిర్ణయంతో నీళ్లు తగ్గించుకోవద్దు.

మా కోరికకు దారి ఇప్పటికే ఉంది. 250 మందికి మించి పనిచేసే గనుల్లో క్యాంటీన్ పెట్టించే నిబంధన 1952 గనుల చట్టంతోనే వచ్చింది. ఆ క్యాంటీన్లలో రోజూ ఒక కూర, ఒక చట్నీ తక్కువ ఉప్పుతో వండి బోర్డు మీద రాయాలి. పీఎంఈకి (నిర్ణీత కాలానికోసారి చేసే వైద్య పరీక్షకు) వచ్చిన ప్రతి కార్మికుడికి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఫలితాలు తెలుగులో రాసి ఇవ్వాలి. తేడా వస్తే ఇంట్లో వండేవాళ్లను కూడా పిలిచి, డైటీషియన్ పక్కన నిలబడి వండించాలి. సింగరేణి సేవా సమితి ఇప్పటికే మహిళలకు శిక్షణలు నడుపుతోంది కాబట్టి ఈ వంట తరగతులను అక్కడే మొదలుపెట్టొచ్చు.

మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. ఆ రోజు ఏరియా ఆసుపత్రిలో మొదటి పొయ్యి వెలగాలి. ఈ కరపత్రం వెనుక మీ పేరు, గని పేరు రాసి సంతకం పెట్టండి. గని మేనేజరుకు, మీ యూనియన్ పిట్ (గని) కార్యదర్శికి చెరొక ప్రతి ఇవ్వండి. ఇంట్లో వంట చేసే చేతి సంతకం కూడా దాని మీద ఉండాలి.