ట్యాంకులో కలిపిన మందు

పోయినేడాది మా అమ్మకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరం పట్టుకుంది. రెండు కోర్సులు వాడినా తగ్గకపోతే కల్చర్ పరీక్ష చేయించారు. మూడో రోజు కాగితం చేతికొచ్చింది. ఎడమవైపు మందుల పేర్లు, ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఒక్క అక్షరం. ఆర్ ఉంటే ఆ మందుకు క్రిమి లొంగదని అర్థమట. సిప్రోఫ్లాక్సాసిన్, ఆర్. లీవోఫ్లాక్సాసిన్, ఆర్. డాక్సీసైక్లిన్, ఆర్. ఆ పేర్లు నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్లుగా బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నాను. నా షెడ్డు అలమరాలో ఉండేవి అవే మందులు, వాటి చుట్టాలు.

అమ్మ ఒంట్లోని క్రిమి నా కోళ్ల నుంచే వచ్చిందని అనడం లేదు. చిన్న జలుబుకీ మనుషులం మింగే మాత్రల పాపం కూడా ఇందులో ఉంది. కానీ నా వంతు ఎంతో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

షెడ్డులో కోడిపిల్లలు దిగిన రోజు నుంచి నాలుగైదు రోజులు, జబ్బు ఉన్నా లేకపోయినా, నీళ్లలో యాంటీబయాటిక్ కలుపుతాం. ఆ తరవాత పది కోళ్లు గురక పెడితే ఐదు వేల కోళ్లకూ మందే. పొద్దున్నే రెండు గంటలు నీళ్లు ఆపేసి, దప్పిక మీద ఉన్నప్పుడు మందు కలిపిన ట్యాంకు వదులుతాం. జబ్బుపడ్డ కోడి మూలన ముడుచుకుని కూర్చుంటుంది, సరిగా తాగదు. బాగున్న కోడి కడుపునిండా తాగుతుంది. మందు కావలసినదానికి చాలీచాలకుండా, అక్కర్లేనిదానికి దండిగా అందుతుంది. పేగుల్లో లొంగే క్రిములు చచ్చి, లొంగనివి మిగిలి పెరగడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. మేం వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ కొంత కోడి ఒంట్లో సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది.

కొలిస్టిన్ సంగతి తలుచుకుంటే మరీ బాధేస్తుంది. ఏ మందూ పనిచేయనప్పుడు ఐసీయూలో ఆఖరుగా ఎక్కించే మందు అది. దాన్ని కోళ్లు త్వరగా బరువు రావాలని మేతలో కలిపారు. 2015లో చైనా శాస్త్రవేత్తలు ఆ మందుకు లొంగకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువును పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో కనిపెట్టారు. అది ఒక క్రిమి నుంచి పక్క క్రిమికి పాకుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మంచి పని చేసింది. కానీ ఒక డబ్బా పోతే పక్క డబ్బా అందుకుంటాం. డాక్టరు చీటీ అడిగిన దుకాణం నాకింతవరకు తగల్లేదు.

కోతకు కొన్ని రోజుల ముందు మందు ఆపితే చాలదా అంటారు. ఆపితే మాంసంలో మందు అవశేషం పోతుంది, నిజమే. (రేటు బాగుంది, రేపే కోళ్ల లిఫ్టింగ్ అని ఫోనొస్తే ఆ గడువు కూడా ఆగేవాళ్లు తక్కువ.) క్రిమి మాత్రం పోదు. చికెన్ సెంటర్లో ఒకే మొద్దు, ఒకే కత్తి. పేగు తెగితే మాంసానికి అంటుకుంటుంది. బాగా ఉడికితే చస్తుంది కాబట్టి కూర గురించి నాకు బెంగ లేదు. ఆ ముక్కలు తరిగిన కత్తిపీట మీదే బిర్యానీలో నంజుకోవడానికి ఉల్లిపాయ, నిమ్మకాయ కోస్తాం చూడండి, అక్కడ బెంగ. షెడ్డులో ఎత్తిన రెట్ట, ఊక పొలాలకూ చేపల చెరువులకూ పోతాయి. వాటితో పాటే క్రిములూ.

రొయ్యల రైతులను చూడండి. మన దేశపు రొయ్యల సరుకులో పదింటికి ఒకటి పరీక్షించే యూరప్, 2016లో రెండింటికి ఒకటి చొప్పున పరీక్షించడం మొదలుపెట్టింది. కంటైనర్ వెనక్కొస్తుందన్న భయంతో మావాళ్లు పట్టుబడికి ముందే రొయ్యను ల్యాబ్‌కు పంపడం నేర్చుకున్నారు. మా కోళ్లు మాత్రం ఏ ల్యాబ్ గడపా తొక్కకుండా నేరుగా బజారుకే పోతున్నాయి. పరాయి దేశంలో తినేవాడి ఒంటికి ఉన్న విలువ మన పిల్లల ఒంటికి లేదా?

బరువు కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని యూరప్ 2006 నుంచి పూర్తిగా ఆపింది. అక్కడ కోళ్ల పెంపకం ఏమీ మూతపడలేదు. మనకు కావలసింది చీటీ లేకుండా మందు అమ్మని దుకాణం, లోపల ఏం కలిపారో తెలుగులో రాసిన మేత బస్తా, చచ్చిన కోడిని తీసుకెళ్తే కోసి చూసి చెప్పే డాక్టరు దగ్గర్లో ఉండటం. నేను ఆరు బ్యాచ్‌లుగా ముందుజాగ్రత్త మందు మానేశాను. మొదటి బ్యాచ్‌లో ఎప్పటికంటే ఎక్కువ కోళ్లు పోయాయి. ఆ నష్టాన్ని చిన్న రైతు ఒక్కడే మోయలేడు, ప్రభుత్వం చెయ్యి వేయాలి.

మొన్న కొత్తగా షెడ్డు వేసిన కుర్రాడు ఫోన్ చేశాడు, పిల్లలు తుమ్ముతున్నాయని. చచ్చినవాటిని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. "అప్పటిదాకా ట్యాంకులో ఏం కలపమంటావు బాబాయ్?" అన్నాడు. ఏమీ కలపొద్దన్నాను. సాయంత్రం డాక్టరుగారే షెడ్డుకొచ్చి చూశారు. తడిసిన ఊక నుంచి లేచే ఘాటుకి తుమ్ములట. మందేమీ రాయలేదు. ఊక మార్పించి, గాలి ఆడేలా పరదాలు దించమని చెప్పి వెళ్లారు.