ఇంటి విలువను బట్టి బడి

జొనాథన్ కొజోల్ 1991లో ప్రకటించిన ‘సావేజ్ ఇనీక్వాలిటీస్’ గ్రంథాన్ని ఇటీవల రెండవసారి చదివాను. మూడు దశాబ్దాలు దాటిన పుస్తకం. అందులో వర్ణించిన బడులు కొన్ని మూతపడి ఉండవచ్చు, కొన్నింటికి కొత్త భవనాలు వచ్చి ఉండవచ్చు. అయినా పుస్తకం పాతబడలేదన్నదే నా అభిప్రాయం. అమెరికా ప్రభుత్వ విద్యకు సంస్కరణ అవసరమని అందరూ అంటారు. ఏది సంస్కరించాలో తేల్చుకోవడానికి ఈ పుస్తకం ఇప్పటికీ మంచి ఆరంభం.

కొజోల్ బోస్టన్‌లో నల్లజాతి పిల్లల బడిలో ఉపాధ్యాయుడుగా చేరి, పాఠ్యప్రణాళికలో లేని లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత చదివి వినిపించినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ అనుభవంతో రాసిన తొలి పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు ఈస్ట్ సెయింట్ లూయిస్, షికాగో, న్యూయార్క్, కామ్డెన్, శాన్ ఆంటోనియో బడులను తిరిగి చూసి ఈ గ్రంథం రాశాడు. ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో మురుగునీరు పొంగి బడిలోకి రాగా పిల్లలను ఇంటికి పంపివేసిన ఉదంతం చదివినప్పుడు వైద్యుడినైన నాకు మొదట తోచినది అంటువ్యాధుల భయం. విద్య సంగతి ఆ తర్వాతే గుర్తుకు వచ్చింది.

ఇంత సంపన్న దేశంలో ఇది ఎలా సాధ్యం? సమాధానం పన్నుల పద్ధతిలో ఉంది. ప్రభుత్వ బడుల ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వపు వాటా పదో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. తక్కిన దానిని రాష్ట్రాలు, స్థానిక స్కూల్ డిస్ట్రిక్టులు ఇంచుమించు చెరి సగం భరిస్తాయి. స్థానిక వాటాలో సింహభాగం ఆస్తిపన్ను. ఇళ్ళ ధర ఎక్కువగా ఉన్నచోట తక్కువ రేటు వేసినా డబ్బు కురుస్తుంది; లేనిచోట ఎంత పిండినా రాలదు.

ఈ అన్యాయం మీద శాన్ ఆంటోనియోలో డెమెట్రియో రోడ్రిగెజ్ అనే లోహపు రేకుల పనివాడు మరికొందరు తల్లిదండ్రులతో కలిసి 1968లో దావా వేశాడు. అతని పిల్లలు చదివేది ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టులో. అక్కడి ప్రజలు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల పన్ను కట్టేవారు. దాని వలన రాష్ట్ర పథకానికి అదనంగా ఒక్కొక్క విద్యార్థికి దక్కింది 26 డాలర్లు. అదే నగరంలోని అలమో హైట్స్ వారు 85 సెంట్లు మాత్రమే కట్టి 333 డాలర్లు పొందేవారు. పేదలు ఎక్కువ రేటు కట్టి తక్కువ చదువు కొనుక్కుంటున్నారన్నమాట. దిగువ కోర్టు తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది. 1973లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో దానిని కొట్టివేసింది. విద్య రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని జస్టిస్ లూయీస్ పవెల్ రాశాడు. అంతకు పూర్వం ఆయన రిచ్‌మండ్ నగర స్కూల్ బోర్డుకు అధ్యక్షుడు! థర్‌గుడ్ మార్షల్ భిన్నాభిప్రాయం రాశాడు. 1954లో బ్రౌన్ కేసును వాదించి గెలిచిన న్యాయవాదికి ఈ తీర్పు ఎంత కష్టం కలిగించి ఉంటుందో ఊహించవచ్చు.

మన తెలుగువారికి ఇది పరాయి విషయం కాదు. ఇల్లు కొనబోయే మిత్రుడు నన్ను అడిగే మొదటి ప్రశ్న వంటగది గురించి కాదు, తూర్పు వాకిలి గురించి కూడా కాదు (అది రెండవ ప్రశ్న). అక్కడి బడికి పదికి ఎంత రేటింగ్ అన్నది. తొమ్మిదో పదో ఉంటే లక్ష డాలర్లు ఎక్కువైనా వెనుకాడరు. తల్లిదండ్రులుగా అది సహజమే. కాని ఆ బడిని ‘ఉచిత విద్య’ అనడం మాత్రం నాకు వింతగా ఉంటుంది. ప్రవేశ రుసుము ఇంటి ధరలోనే కలిసిపోయింది. ఆ ధర పెట్టలేక చుట్టాల చిరునామా చూపి పిల్లలను చేర్చిన తల్లిదండ్రులపై కేసులు పెట్టిన డిస్ట్రిక్టులూ ఈ దేశంలో ఉన్నాయి.

నిధుల జోలికి పోకుండా సంస్కరణ చేయాలన్న ఉబలాటంతో పుట్టినదే 2002 నాటి ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం. 2014 నాటికి ప్రతి విద్యార్థీ చదువులోను, గణితంలోను నిర్ణీత స్థాయిని అందుకోవాలన్నది దాని శాసనం. నూటికి నూరుమంది! ఏ వైద్యశాలైనా ఫలానా తేదీకల్లా తన రోగులందరికీ మధుమేహం అదుపులో ఉంటుందని ప్రకటిస్తే నవ్వుతాము. హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎన్నిసార్లు చేసినా రక్తంలో చక్కెర తగ్గదు. పైగా ఫలితం బాగులేదని ఆ వైద్యశాలను శిక్షిస్తే ఏమవుతుంది? అట్లాంటాలో అదే అయింది: ఉపాధ్యాయులే పిల్లల జవాబుపత్రాలు దిద్దారు, 2015లో పదకొండుమంది విద్యా ఉద్యోగులు దోషులుగా తేలారు. ఒకప్పుడు ఈ చట్టాన్ని సమర్థించిన చరిత్రకారిణి డయాన్ రావిచ్ 2010లో ప్రకటించిన గ్రంథంలో తన మనసు ఎందుకు మారిందో సాక్ష్యాధారాలతో వివరించింది. మనసు మార్చుకున్న పండితుల పుస్తకాలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

అయితే కొజోల్‌తో నాకు ఒక పేచీ ఉంది. ఆయన ఆగ్రహం న్యాయమైనదే గాని, తరగతి గదిలో చదువు చెప్పే పద్ధతి గురించి ఆయనకు పెద్దగా చింత ఉన్నట్లు కనబడదు. పేద రాష్ట్రమైన మిసిసిపీని చూడండి. 2013లో చట్టం చేసి, అక్షరాలకూ ధ్వనులకూ గల సంబంధాన్ని క్రమంగా నేర్పే విధానంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది, బడులకు పఠన శిక్షకులను పంపింది. దేశంలో అట్టడుగు వరుసలో ఉన్న ఆ రాష్ట్రపు నాల్గవ తరగతి పిల్లలు 2019 నాటికి చదవడంలో జాతీయ సగటును అందుకున్నారు. మూడవ తరగతిలో చదవలేని పిల్లలను అక్కడే ఆపివేసే నిబంధన మీద వివాదం ఉంది. నాకూ అది రుచించదు. కాని బొమ్మ చూసి, సందర్భం చూసి మాటను ఊహించమని చెప్పే పద్ధతి అనేక అమెరికన్ బడులలో దశాబ్దాలు సాగిందంటే, పలక మీద గుణింతాలు దిద్దిన మనకు నమ్మశక్యం కాదు. ఇంగ్లీషు వర్ణక్రమం మన లిపి అంత నిక్కచ్చి కాదు, నిజమే. అందుకే అక్కడ మరింత శ్రద్ధగా నేర్పాలి కదా!

మందు సీసా మీద ఉన్న నాలుగు పంక్తులు చదువుకోలేక, ‘కళ్ళజోడు మరచిపోయాను’ అనే రోగులు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. వారంతా ఈ దేశంలో పుట్టి, ఇక్కడి ప్రభుత్వ బడులలోనే ఏళ్ళ తరబడి కూర్చున్నవారు.

కనుక నిధులా, బోధనా అన్న వాదం నాకు అర్థరహితంగా తోస్తుంది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1990లో ఆబట్ కేసులో 28 పేద డిస్ట్రిక్టులకు సంపన్న డిస్ట్రిక్టులతో సమానమైన ఖర్చు చేయాలని ఆదేశించింది. 1998లో అటువంటి డిస్ట్రిక్టులలో మూడు, నాలుగేళ్ళ పిల్లలకు బడి ఏర్పాటు చేయించింది. ఫెడరల్ రాజ్యాంగంలో దొరకని హక్కు రాష్ట్ర రాజ్యాంగంలో దొరికింది. ప్రతి రాష్ట్రమూ ఈ బాట పట్టాలి. ఆ డబ్బు ముందుగా చదవడం నేర్పగల ఉపాధ్యాయుల మీద ఖర్చు కావాలి. పరీక్షలు ఏ పిల్లవాడికి ఏమి రాలేదో తెలుసుకునేందుకు మాత్రమే ఉండాలి.

కొజోల్ గ్రంథం మొత్తం చదివే తీరిక లేనివారు చివరి అధ్యాయంతో మొదలుపెట్టవచ్చు. అది శాన్ ఆంటోనియో గురించే.