సహవాసమా, సభ్యత్వమా?



ఆదివార ఆరాధన ముగింపున మన గుడిలో చదివెడు ప్రకటనలను ఒకసారి జ్ఞాపకమునకు తెచ్చుకొనుడి. పురుషుల సహవాసము ఒకనాడు, స్త్రీల సహవాసము ఒకనాడు, ఉపవాస ప్రార్థన ఒకనాడు, యువజనుల కూడిక ఒకనాడు. ఆపైన పాటల అభ్యాసము, పిల్లలకు సండే స్కూలు. వారమునకు ఏడు దినములు చాలుటలేదు. ఇన్ని కూడికలున్న సంఘము ఎంత ధన్యమైనదని చూచువారు అనుకొందురు. అయితే నేనొక ప్రశ్న అడిగెదను. ఆ కూడికలో మీ ప్రక్కన కూర్చుండు వారి యింట ఈ సంవత్సరము మీరు ఎన్నిసార్లు అన్నము తింటిరి? వారు మీ యింట ఎన్నిసార్లు తినిరి?

ఈ ప్రశ్నకు తల వంచుకొను సంఘములో సమాజములు గలవు గాని సహవాసము లేదు. ఈ మాట కఠినముగా తోచవచ్చును. ముందు నా తప్పిదమునే చెప్పెదను. ఒక సహోదరుడు ఏండ్ల తరబడి కూడికలో నా ప్రక్కన నిలిచి పాటలు పాడెను. బోరు ఎండిపోయి, అప్పు పెరిగి, అతడు బెంగుళూరునకు కూలికి వెళ్ళిపోయెనని మూడు నెలల తరువాత గాని నేనెరుగలేదు. ఆ మూడు నెలలును మేము హాజరు పుస్తకములో అతని పేరునకు ఎదురుగా ‘రాలేదు’ అని వ్రాయుచునే యుంటిమి. ఎందుకు రాలేదని అడుగుటకు ఆ పుస్తకములో గడి లేదు. అతని భార్య చేరిన పొదుపు సంఘపు స్త్రీలకు మాత్రము ఆ సంగతి మొదటి వారమే తెలిసినది. ఆమె కట్టవలసిన వాయిదాను వారు తలా కొంత వేసి కట్టిరి. బ్యాంకు అప్పుకొరకు కూడినవారు ఒకరి భారము ఒకరు మోయగా, క్రీస్తు నామమున కూడిన మేము చందా బాకీ లెక్క చూచుకొనుచుంటిమి. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదా?

ఇట్టి సమాజములు మొదట ఎట్లు పుట్టినవో యోచించుడి. ఇంగ్లాండులోని గ్లౌస్టరు పట్టణమున వారమంతయు పనిచేసి ఆదివారము వీధులలో తిరుగు బీద పిల్లలను చూచి, రాబర్టు రెయిక్సు 1780లో వారికి చదువు చెప్పించెను. సండే స్కూలు వ్యాపించుటకు అదే నాంది. లండనులో ఒక బట్టల దుకాణమున పనిచేయు జార్జి విలియమ్సు 1844లో తనవంటి యువకులను ప్రార్థనకు సమకూర్చగా వై.ఎం.సి.ఏ. పుట్టెను. మన మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరము సంగతియు అట్టిదే. దగ్గుచు రక్తము కక్కుచున్న క్షయరోగులకొరకు అనేక మిషనులు ఏకమై 1912లో దానిని స్థాపించినవి. అన్నిటను ముందు అక్కరగల మనుష్యుడు కనబడెను; తరువాతనే సమాజము ఏర్పడెను. మనము దీనిని తలక్రిందులు చేసితిమి. ముందు సమాజము, తరువాత అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, తరువాత చందా, తరువాత వార్షికోత్సవమునకు బ్యానరు. అక్కరగల మనుష్యుడు ఎక్కడ? అతడు బాకీదారుల పట్టికలో నున్నాడు.

ఇంతకంటె లోతైన గాయము మరియొకటి గలదు. పుంగనూరు చుట్టునున్న పల్లెలలో ఒకే చేనిలో వంగి టమోటాలు కోయువారు, ఒకే ఆటోలో సంతకు పోవువారు, ఆదివారము రెండు దారులలో విడిపోవుట లేదా? మాలపల్లె వారి కూడిక వేరు, మాదిగపల్లె వారి కూడిక వేరు. గుడి ఒకటే అయిన చోట చాపలు వేరు. కుప్పము వైపున తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే వీధిలో వినబడును. అంగడిలో మూడు భాషలలోను బేరమాడు నాలుక సంఘములో పొరుగువానిని పలకరించుటకు ఏల తడబడును? కూడికలు ఎక్కువైన కొలది ఈ గోడలు కూలకపోగా, ఒక్కొక్క గోడకు ఒక్కొక్క అధ్యక్షుడు కావలి కాయుచున్నాడు.

అంతియొకయలో పేతురు చేసినది గలతీ పత్రిక రెండవ అధ్యాయములో చదువుడి. అన్యజనులతో కలిసి భుజించుచుండినవాడు, కొందరు వచ్చినంతనే భయపడి ప్రక్కకు తొలగెను. పౌలు దానిని చిన్న మర్యాద లోపమని విడిచిపెట్టలేదు. సువార్త సత్యమునకే విరోధమని అందరియెదుట అతనిని గద్దించెను. పంక్తి భోజనము సువార్తకు సంబంధించిన సంగతియని దీనివలన తెలియుచున్నది.

దోర్నకల్ అధ్యక్షుడైన అజరయ్యగారు 1910లో, ఇంకను బిషపు కాకమునుపు, ఎడింబరో మహాసభలో నిలిచి, మిషనరీల త్యాగమునంతయు ఒప్పుకొనుచునే, వారు మనకు స్నేహము నియ్యలేదని ధైర్యముగా చెప్పెను. ఆ మాట విని మనము సంతోషింతుము. అయితే దొరలు వెళ్ళిపోయిన తరువాత వారి కుర్చీలో ఎవరు కూర్చుండిరి? నేడు మన సంఘములోని బీదవారు ఆ మాటనే మనతో అన్నయెడల ఏమి చెప్పుదుము? ఆయనయు తోటివారును 1919లో తరంగంబాడిలో ఐక్యత మాట ఎత్తిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడువరకు ఇరువది యెనిమిది సంవత్సరములు పట్టెను. ఆ దినమును చూడకయే 1945లో ఆయన ప్రభువునొద్దకు వెళ్ళెను. బిషపులను, ప్రెస్బిటేరియనులను, మెథడిస్టులను ఒక్కటి చేయుటకు పెద్దలు అంత పాటుపడగా, మనము రెండు పేటల స్త్రీలను ఒక్క చాపమీద కూర్చుండబెట్టలేమా?

‘ప్రార్థన ముఖ్యము, భోజనము లౌకికము’ అని కొందరందురు. అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయము చూడుడి. ఆదిసంఘము బోధను, సహవాసమును, రొట్టె విరుచుటను, ప్రార్థనను విడదీయలేదు. మనము ఎవరము విడదీయుటకు? ‘పిలిచి పెట్టుటకు మాకేమి యున్నది?’ అని మరికొందరందురు. బిరియాని ఎవరడిగిరి? రాగిసంగటియు ఊరిబిండియు చాలును. ‘పిలిచినను వారు రారు’ అందురా? అట్లయిన ముందు మీరు వారి యింటికి వెళ్ళి, వారు పెట్టినది తినుడి. తరువాత వారు రాకపోయినయెడల నన్ను నిందించుడి.

సమాజములను మూసివేయుడని నేను చెప్పుటలేదు. హాజరు పుస్తకము మూసి గడప దాటుడని చెప్పుచున్నాను. ఈ నెలలో మీ సమాజము ఒక కూడికను గుడిలో గాక, మీలో ఎవరును ఎన్నడును కాలు పెట్టని యింట జరుపుకొనుడి. వరుసగా రెండు వారములు రానివారి యింటికి ఇద్దరు వెళ్ళుడి; చందా మాట ఎత్తకుడి. వార్షికోత్సవపు బ్యానరు డబ్బుతో ఒకరి మందుల చీటి తీర్చుడి.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు చాలదూరము ప్రభువుతో నడిచిరి, ఆయన బోధ వినిరి. అయినను ఆయనను గుర్తుపట్టలేదు. ఇంటిలోనికి పిలిచి, బల్లయొద్ద రొట్టె విరిచినప్పుడు వారి కన్నులు తెరవబడెను. మన కన్నులును అట్లే తెరవబడునట్లు ప్రభువు సహాయము చేయునుగాక. ఆమేన్.