ఊరికే ఒక ఆదివారం

జర్మనీ వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. ఆదివారం అక్కడ షాపులుండవు. సూపర్ మార్కెట్లు, మాల్స్, బట్టల కొట్లు అన్నీ మూతే. కొన్ని బేకరీలు కాసేపు తీస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఏవో కొన్ని ఉంటాయి. అంతే.

ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు కొలోన్‌లో నాకు అలాంటి ఆదివారం ఒకటి దొరికింది. సెంటు సీసాల మీద చూస్తాం కదా, ఆ కొలోన్ ఊరే. తోడు లేదు, ప్లాన్ లేదు. నిద్ర లేచేసరికి నరసాపురం నుంచి అమ్మ వాట్సాప్ కాల్.

"ఒక్కదానివేనా? ఎక్కడికే?"

"ఊరికే తిరిగొస్తానమ్మా."

"ఊరికే ఎందుకే!"

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పెద్ద కేథడ్రల్. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారట. సఖినేటిపల్లికి వంతెన ఎప్పుడొస్తుందా అని వింటూ పెరిగినదాన్ని కాబట్టి నాకు పెద్ద ఆశ్చర్యం వేయలేదు. 533 మెట్లు ఎక్కితే పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. ఎక్కలేదు. ఎక్కమని అనేవాళ్లు కూడా పక్కన లేరు మరి.

రైన్ నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని సరుకు పడవలు లెక్కపెట్టాను. పదకొండు. మా రేవులో పంటు ఆగగానే బళ్లన్నీ ఒకేసారి స్టార్టయ్యే గోల ఇక్కడ లేదు. ఒక బన్ను తిన్నాను. ప్రేమికులు తాళాలు వేసిన హోహెన్‌జొలెర్న్ వంతెన మీద అటూ ఇటూ నడిచాను. రీల్‌కి పనికొచ్చేది ఒక్కటీ జరగలేదు.

సాయంత్రం మూసి ఉన్న ఒక షాపు అద్దం వెనక, చిన్న బల్ల మీద తెల్లటి లేసు గుడ్డ కనిపించింది. ఎక్కడ అల్లారో చెప్పే చీటీ లేదు. నాకు మాత్రం మామ్మ వేళ్లు గుర్తొచ్చాయి.

మా వైపు ఊళ్లలో ఆడవాళ్లు అల్లిన లేసు ఎన్నో ఏళ్లుగా యూరప్, అమెరికాలకు వెళ్తోంది. అల్లినవాళ్లలో చాలామంది మాత్రం జిల్లా దాటి ఎరగరు. ఈ కొలోన్‌లోనే పాఠాలు చెప్పిన మరియా మీస్ అనే సామాజికవేత్త మా ఊరి లేసు పనివాళ్ల మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. అందులో ముఖ్యమైన విషయం ఇదీ: ఇంటిపని కాక రోజూ గంటల తరబడి ప్రపంచ మార్కెట్ కోసం లేసు అల్లుతున్నా, వాళ్లను ఎవరూ కార్మికులుగా చూడలేదు. గృహిణులన్నారు. తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. తీరిక అని పేరు పెట్టాక కూలి తక్కువిచ్చినా అడిగేవాళ్లుండరు.

మా మామ్మా అంతే. వంటయ్యాక అరుగు మీద కూర్చుంటే లైటు వేసేదాకా చేతిలో సూది ఆగేది కాదు. ఎవరైనా పలకరిస్తే "ఏముందమ్మా, ఖాళీయే కదా, అల్లుకుంటున్నా" అనేది.

నాది గంటగంటకీ టైమ్‌షీట్ నింపే ఉద్యోగం. మీటింగులో ఊరికే కూర్చున్నా అందులో పనిగంటే. మామ్మ గంటలు ఏ షీట్‌లోనూ లేవు.

జర్మన్లు ఆదివారం విశ్రాంతి రోజని 1919లోనే రాజ్యాంగంలో రాసుకున్నారు. 1949 నాటి ఇప్పటి రాజ్యాంగంలోనూ ఆ మాట ఉంచారు. అక్కడ కూడా ఆదివారం వంట ఎవరో ఒకరు చేయాల్సిందే లెండి. అయినా, ఖాళీగా ఉండటం మనిషికి అవసరమని ఒక దేశం కాగితం మీద పెట్టుకోవడం నాకు నచ్చింది.

నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. లేసుకు పేరొచ్చింది, ఇక అల్లే చేతులకు లెక్క రావాలి.

సోలో ట్రిప్ అంటే ధైర్యం అంటారు చాలామంది. నాకు ఆ రోజు ధైర్యంతో పెద్ద పనిపడలేదు. జీతం, సెలవు, "ఎవరికి వండాలి" అనే ఆలోచన లేని ఒక పగలు, ఈ మూడూ ఉన్నాయి కాబట్టి తిరిగాను. మా మామ్మకు మూడింటిలో ఒక్కటీ లేదు.

మీ ఇంట్లో ఎవరైనా "నేను ఖాళీయే" అంటే ఒకసారి వాళ్ల చేతుల వైపు చూడండి. బఠాణీలు ఒలుస్తూనో, బట్టలు మడతేస్తూనో ఉంటారు. టికెట్లు తర్వాత బుక్ చేద్దురుగాని. ముందు ఈ ఆదివారం వంట మీరు చేయండి.