మన నాటకం మనమే రాసుకుందాం



మేడే దగ్గర పడిందంటే యూనియన్ ఆఫీసులో ఒకటే చర్చ. ఈసారి ఏం పెడదాం? ఆర్కెస్ట్రా పిలిపిద్దామా, హరికథ చెప్పిద్దామా, కురుక్షేత్రం ఆడేవాళ్లను రప్పిద్దామా? ఎవరిని పిలిచినా మన చందా డబ్బు బయటికి పోతుంది, మన మాట మాత్రం వేదిక మీద వినబడదు. అందుకే ఈసారి అరగంట నాటకం ఒకటి మనమే రాసి మనమే ఆడాలని మేము ప్రతిపాదించాము. దానికి మూడు అభ్యంతరాలు వచ్చాయి. నాటకం రాయడం చదువుకున్నవాళ్ల పని అన్నది మొదటిది. ఆడవాళ్లు వేషం కడితే ఊళ్లో ఏమంటారు అన్నది రెండోది. నాటకం ఆడితే కూలి పెరుగుతుందా అన్నది మూడోది. మూడూ మనవాళ్లు అన్న మాటలే గనుక మూడింటికీ జవాబు చెప్పవలసిన బాధ్యత మాకుంది.

మొదటిది చదువు సంగతి. జంగమకోటె నుంచి చింతామణి, బాగేపల్లి దాకా మన పల్లెల్లో నాటకం ఎవరు ఆడారు? రాత్రంతా దీపాల వెలుగులో కేళికె ఆడినవాళ్లు రైతులు, కూలీలు. ఇప్పటికీ మన ఊళ్లలో వేషాన్ని బట్టి డబ్బు కట్టి, హార్మోనియం మేష్టరు దగ్గర నెలల తరబడి నేర్చుకుని, వందల పద్యాలు నోటికి పట్టి ఆడేవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది తెలుగు పాఠాన్ని కన్నడ అక్షరాల్లో రాసుకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ అయిన మనకు అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నాటకం చెవికి వినబడాలి, ఏ లిపిలో రాశామన్నది ఎవరూ అడగరు. కైవారం నారాయణ తాతయ్య గాజులు అమ్ముకుని బతికినవాడని మన పెద్దలు చెబుతారు. ఆయన తత్వాలు ఈనాటికీ మన పల్లెల్లో తెలుగులోనే పాడుతున్నారు.

అచ్చులో కనబడే నాటకం తర్వాత వచ్చింది. మనకు దూరం కాని బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరసవినోదినీ సభ పెట్టి 1887లో చిత్రనళీయం ఆడించారు. అది పద్యాల నాటకం, రాజుల కథ. 1892లో విజయనగరంలో గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం ఆడారు. ఆడపిల్లను డబ్బుకు ముసలివాడికి అమ్మే దురాచారం మీద, మనుషులు ఇళ్లలో మాట్లాడుకునే భాషలో రాసిన నాటకం అది. రాజులు లేకపోయినా, పద్యాల వరస లేకపోయినా నాటకం నిలబడుతుందని తెలుగువాళ్లకు చూపించింది అదే.

ఆ రోజుల్లోనే జర్మనీలో గెర్హార్ట్ హాప్ట్‌మన్ అనే రచయిత ఒక నాటకం రాశాడు. దాని పేరే నేతపనివాళ్లు. ఆయన తాత మగ్గం మీద బతికినవాడు. సైలీషియా అనే ప్రాంతంలో 1844లో నేతపనివాళ్లు చేసిన తిరుగుబాటు అందులో కథ. మొదటి రంగం ఎక్కడో తెలుసా? సావుకారు ఇంట్లో, నేసిన గుడ్డ అప్పజెప్పే చోట. గుమాస్తా గుడ్డ పట్టుకుని ఇక్కడ తప్పు, అక్కడ తప్పు అని కూలి కోస్తుంటాడు. ఈ రంగం మనకెవరైనా విడమరిచి చెప్పాలా? నాటకమంతటికీ ఒక్క నాయకుడు లేడు, గుంపే నాయకుడు. హాప్ట్‌మన్ దాన్ని ముందు తన ప్రాంతపు యాసలో రాశాడు. 1892లో బెర్లిన్ పోలీసులు దాన్ని బహిరంగంగా ఆడనివ్వలేదు. 1894లో కోర్టు అనుమతితో నాటకశాలలో ఆడినప్పుడు చక్రవర్తి కోపంతో అక్కడి తన ఆసనాలు వదులుకున్నాడు.

ఇక రాయడం ఎలా? గూడుకు కొస దొరికితేనే నూలు వస్తుంది. నాటకానికి కొస తగాదా. ఒక మనిషికి ఏదో కావాలి, ఇంకో మనిషి దానికి అడ్డం. ఉదాహరణకు, నూలు తీసే ఒక తల్లికి బిడ్డ జ్వరంతో ఉంది, ఒక్క పూట సెలవు కావాలి. సావుకారుకు ఆ సాయంత్రంలోగా నూలు కావాలి. ఆమె ముంగడ బాకీ ఆయన పుస్తకంలో ఉంది. ఇంతే చాలు. పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు, ఆమె సెలవు అడిగిన చోట మొదలుపెట్టాలి. ఆమె నోట "శ్రమదోపిడిని సహించము" అనిపిస్తే నాటకం అక్కడే చచ్చిపోతుంది. "బిడ్డకి జొరం వచ్చుండాది సావుకారూ, ఒగ పూట పోనీండి" అంటే జనం చెవులు రిక్కిస్తారు. "పోతావు సరే, ముంగడ ఎవురు తీరుస్తారు?" అని ఆయన అంటే నాటకం నడక మొదలైనట్టే.

ఇక్కడ మా గట్టి అభిప్రాయం ఒకటి చెబుతాము, కొందరికి నచ్చకపోవచ్చు. సావుకారును రాక్షసుడిగా రాయకూడదు. మీసం మెలేసి పకపక నవ్వే సావుకారును చూసి జనం నవ్వుతారు, ఇంటికి పోతారు. మన సావుకారు అలా ఉండడని వాళ్లకు తెలుసు. గూళ్ల ధర పెరిగింది, పట్టు ధర పడింది, కరెంటు పోయింది, బ్యాంకు బాకీ ఉంది అంటాడు. అందులో కొంత నిజం కూడా ఉంటుంది. ఆ నిజాన్ని ఆయన నోటే చెప్పించాలి. చెప్పించిన తర్వాత కూడా జబ్బు బిడ్డ దగ్గరికి తల్లి పోలేకపోవడం అన్యాయమే అని జనానికి తోచాలి. అవతలివాడి వాదం బలంగా ఉంటేనే మన వాదానికి బలం. చర్చలకు కూర్చున్న ప్రతి యూనియన్‌వాడికీ తెలిసిన సంగతి ఇది.

నటన గురించి రెండు మాటలు. భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది. ఒంటితో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, వేషభూషలతో వచ్చేది ఆహార్యం, మనసులోంచి వచ్చేది సాత్వికం. ఆహార్యానికి మనకు ఖర్చు లేదు, పనికి కట్టుకునే బట్టలే చాలు. ఆంగికం మన చేతుల్లోనే ఉంది. కాగే నీళ్లలో వేళ్లు పెట్టి కొస పట్టే తీరును పట్నం నటుడు నెల రోజులు నేర్చినా రాదు. మనం కష్టపడి నేర్చుకోవలసింది వాచికం, అంటే చివరి వరసలో ముసలమ్మకు కూడా మాట వినబడేలా పలకడం. దానికన్నా కష్టం అవతలివాడు మాట్లాడేటప్పుడు నిజంగా వినడం. తన వంతు కోసం బొమ్మలా నిలబడేవాడు నటుడు కాడు.

రెండో అభ్యంతరం ఆడవాళ్ల సంగతి. ఒకప్పుడు తెలుగు నాటకంలో స్త్రీ వేషాలు చాలావరకు మగవాళ్లే కట్టారు. స్థానం నరసింహారావు గారు వాటితోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ప్రతిభకు మా నమస్కారం. కానీ బళ్లారి రాఘవ గారు అంతకుముందే స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కుటుంబ స్త్రీలను వేదిక మీదికి తెచ్చారు. మన పనిచోట్ల సగానికి సగం చేతులు ఆడవాళ్లవి. సావుకారు ముందు నిలబడి కూలి అడగడానికి పనికొచ్చిన అక్క, వేదిక మీద అదే మాట అనడానికి పనికిరాదా? మీసాలు తీసిన మగవాడు ఆమె కష్టం చెబితే నవ్వులాట అవుతుంది.

మూడో ప్రశ్న కూలి. నాటకం వల్ల రూపాయి పెరగదు, ఉన్నమాట అదే. కూలి పెంచేది మన ఐక్యత, మన బేరం. అయితే ఐక్యత ఎలా వస్తుంది? 1978లో ఢిల్లీ జన నాట్య మంచ్‌వాళ్లు మెషిన్ అనే వీధినాటకం ఆడారు. ఢిల్లీ పక్కన ఒక ఫ్యాక్టరీలో కార్మికులు సైకిళ్లు పెట్టుకునే చోటు, టీ తాగే క్యాంటీను అడిగినందుకు కాల్పులు జరిగి ఆరుగురు చనిపోయిన సంఘటన దానికి ఆధారం. సీన్లు లేవు, తెరలు లేవు, నటులే ఒకరికొకరు ఆనుకుని యంత్రంలా కదిలారు. పావుగంట కూడా పట్టని ఆ నాటకం చూసి వేలమంది కార్మికులు తమ సంగతిగా గుర్తుపట్టారు. ఆ బృందంలోని సఫ్దర్ హష్మీ 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర కార్మికవాడలో నాటకం ఆడుతుండగా జరిగిన దాడిలో దెబ్బతిని మరునాడు చనిపోయారు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, తోటి నటులు అదే చోటికి తిరిగి వచ్చి ఆగిపోయిన నాటకాన్ని పూర్తిచేశారు. మన తెలుగునాట 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన మా భూమిని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఉత్త కాలక్షేపమే అయితే నాటకాన్ని నిషేధించడం ఎందుకు?

ఒక్కొక్కరం ఒంటరిగా మోసే కష్టాన్ని నలుగురి మధ్య పెట్టి, ఇది నీ ఒక్కదాని తలరాత కాదని చూపించడమే నాటకం చేసే పని. ఆ తర్వాతి పని యూనియన్‌ది.

కాబట్టి మా మనవి ఇది. వచ్చే ఆదివారం పని ముగిశాక యూనియన్ ఆఫీసుకు రండి. తెలుగులో రాయండి, కన్నడ అక్షరాల్లో రాయండి, రాయడం రాకపోతే నోటితో చెప్పండి, రాసుకునేవాళ్లు ఉంటారు. పనిచోట జరిగిన ఒక్క తగాదా తెస్తే చాలు. ఎవరి పేరూ పెట్టము, ఎవరి పనికీ ముప్పు రానివ్వము. ఆర్కెస్ట్రాకు పెట్టే డబ్బులో పదోవంతు కూడా దీనికి అక్కర్లేదు. మిగిలింది సంఘం నిధిలో ఉంటుంది.